షేల్ రాయి పగిలే తీరును సేంద్రియ పదార్థం ఎలా మారుస్తుంది: గోదావరి డెల్టా విద్యార్థులకు ప్రయోగ మార్గదర్శి

షేల్‌లో సేంద్రియ పదార్థం ఎక్కువైతే ఆ రాయి సులభంగా పగులుతుందా, మొండికేస్తుందా? రాజమహేంద్రవరం, కాకినాడ వైపు భూగర్భ శాస్త్రమో పెట్రోలియం ఇంజనీరింగో చదివే విద్యార్థులు ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు నన్ను అడిగే ప్రశ్న ఇదే. పరిశోధనా పత్రాలు తిరగేస్తే రెండు సమాధానాలూ దొరుకుతాయి. సేంద్రియ పదార్థం రాయిని బలహీనపరుస్తుందని కొన్ని చెబుతాయి. పగులు ముందుకు సాగకుండా అదే పట్టి ఉంచుతుందని మరికొన్ని చెబుతాయి. చదివినవాళ్లకు తికమక కలగడం సహజమే కానీ, రెండూ నిజమే.

చిక్కంతా ప్రశ్నలో ఉంది. "ఎంత ఉంది" అని మాత్రమే అడిగితే జవాబు రాదు. ఆ పదార్థం రాయిలో ఎక్కడ కూర్చుంది, భూగర్భపు వేడికి ఎంతవరకు ఉడికింది, పగులు ఏ దిశలో వెళుతోంది అనే మూడు సంగతులు తెలిస్తేనే శాతానికి అర్థం వస్తుంది. ఈ మూడూ చేజారకుండా ప్రయోగాన్ని ఎలా నడపాలో వరుసగా చెబుతాను.

ముందుగా, మన కాళ్ల కింద ఉన్నదేమిటి

కోరింగ మడ అడవుల్లో పోటు తీసినప్పుడు నల్లటి బురద బయటపడుతుంది. చేయి పెట్టి తవ్వితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. రాలిన ఆకులు, వేళ్లు, సూక్ష్మజీవుల అవశేషాలు ప్రాణవాయువు అందక పూర్తిగా కుళ్లకుండా బంకమట్టిలో చిక్కుకుపోయిన చోటు అది. అలాంటి బురద మీద కొత్త మేటలు పడుతూ, కోట్ల ఏళ్లు కిందికి కుంగితే, నీరు పిండుకుపోయి పొరలు పొరలుగా గట్టిపడుతుంది. అదే షేల్. అందులోని సేంద్రియ పదార్థంలో ద్రావకాలకు కరగని ముఖ్యభాగాన్ని కెరోజెన్ అంటారు.

కృష్ణా గోదావరి బేసిన్‌లో ఇలాంటి పొరలు ఒకటి కాదు. పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం పొరల్లో బొగ్గు, నల్లటి షేల్ కలగలిసి ఉంటాయి. మండపేట గ్యాసుకు మూలం అదే. దానికి పైన, క్రెటేషియస్ కాలంలో ఏర్పడిన రాఘవాపురం షేల్ ఉంది. ఇంకా పైన, సముద్రం వైపు, వడపర్రు షేల్ ఉంది. ఈ బేసిన్ షేల్‌లలో నేలమొక్కల నుంచి వచ్చిన పదార్థం, అంటే మూడో రకం కెరోజెన్, బాగా కనిపిస్తుంది. ఇది గుర్తుంచుకోండి. సముద్రపు నాచు నుంచి పుట్టిన రెండో రకం కెరోజెన్ ఉన్న విదేశీ షేల్‌ల మీద వచ్చిన ఫలితాలను తెచ్చి మన రాయికి అతికిస్తే లెక్క తప్పుతుంది.

డెల్టా వరిచేల కింద ఈ షేల్‌లు కిలోమీటర్ల లోతున ఉంటాయి. రాఘవాపురం పొర మాత్రం బేసిన్ వాయవ్య అంచున, ఏలూరు వైపు మెట్ట ప్రాంతంలో, నేల మీదకు తేలింది. అక్కడికి వెళ్లి చూడండి, తప్పక చూడండి. ఆకుల శిలాజాలు దొరికే రాయి అది. కానీ అక్కడి ముక్కను తెచ్చి పగులు పరీక్ష చేసి "రాఘవాపురం షేల్ ఇలా పగులుతుంది" అని రాయవద్దు. గాలికి, వానకు ఆ రాయిలోని సేంద్రియ పదార్థం చాలావరకు ఆక్సీకరణ చెంది పోయింది. అందుకే అది లేత రంగుకు తిరిగింది. మనం వెతుకుతున్న పదార్థమే లేని రాయి మీద ఆ పదార్థం ప్రభావాన్ని ఎలా కొలుస్తాం?

మొదటి మెట్టు: నమూనా

బావి తవ్వేటప్పుడు స్తంభంలా తొలిచి తీసిన రాయి, అంటే కోర్ ముక్కే కావాలి. బురద ద్రవంతో పైకి వచ్చే చిన్న చిన్న రాతి పొట్లు సేంద్రియ కార్బన్ కొలవడానికి పనికొస్తాయి గానీ పగులు పరీక్షకు పనికిరావు. కోర్ కోసం బావులు తవ్వే సంస్థలకు రాసేటప్పుడు లోతు, పొర పేరు, ఎంత పొడవు ముక్క కావాలో స్పష్టంగా రాయండి. చేతికి అందగానే పై దిక్కు చూపే బాణం గుర్తు పెట్టండి. ఆ గుర్తు చెరిగిపోతే తర్వాతి పనంతా వృథా.

ఆ తర్వాత ప్లాస్టిక్ పొరలో బిగుతుగా చుట్టి, మైనం పూసి ఉంచాలి. షేల్‌లోని బంక ఖనిజాలు తేమ కోల్పోతే ముడుచుకుంటాయి, పొరల వెంట సన్నని నెర్రెలు పడతాయి. వేసవిలో నల్లరేగడి బీటలు వారడం చూసినవాళ్లకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. ఆ నెర్రెలు రాయికి సహజంగా ఉన్నవా, మన బల్ల మీద పడ్డవా అన్నది తర్వాత ఎవరూ తేల్చలేరు.

నేను మొదటిసారి షేల్ కోసినప్పుడు ఇసుకరాయికి వాడినట్టే నీళ్లతో నడిచే రంపం వాడాను. బిళ్ల చేతిలోకి వచ్చింది. సాయంత్రానికి అది పొరలు పొరలుగా విడిపోయి ఉంది. బంక ఖనిజాలు నీటిని పీల్చి ఉబ్బాయి. అరుదైన కోర్‌లో ఒక జానెడు అలా పోయింది, ఇప్పటికీ ఆ బాధ ఉంది. కాబట్టి నీళ్లు వద్దు. గాలితో చల్లబరుస్తూ పొడిగా కోయండి, లేదా వజ్రపు తీగ రంపం వాడండి. నూనెతో చల్లబరిచే పద్ధతి కూడా ఉంది. అయితే ఆ నూనె కూడా సేంద్రియమే కనుక, కార్బన్ పరీక్షకు కావలసిన ముక్కను ముందే వేరుగా తీసి పెట్టుకోవాలి.

రెండో మెట్టు: ఎంత ఉంది, ఎంత ఉడికింది

రాయిని పొడిచేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బొనేట్లను తొలగించి, మిగిలినదాన్ని మండించి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తారు. దాన్నుంచి మొత్తం సేంద్రియ కార్బన్ బరువు శాతంగా వస్తుంది. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పగులుకు బరువుతో పనిలేదు. అది దాటవలసింది స్థలాన్ని. కెరోజెన్ తేలిక, దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.1 నుంచి 1.4 గ్రాములు. ఖనిజాలది దాదాపు 2.7. కాబట్టి బరువు శాతాన్ని పరిమాణ శాతంగా మార్చుకోవాలి.

ఉదాహరణకు సేంద్రియ కార్బన్ 4 శాతం అనుకోండి. కెరోజెన్‌లో కార్బన్‌తో పాటు హైడ్రోజన్, ఆక్సిజన్ కూడా ఉంటాయి కనుక 1.2తో గుణిస్తే 100 గ్రాముల రాయిలో 4.8 గ్రాముల కెరోజెన్. సాంద్రత 1.3 తీసుకుంటే అది 3.7 ఘన సెంటీమీటర్లు. మిగిలిన 95.2 గ్రాముల ఖనిజాలు సుమారు 35.3 ఘన సెంటీమీటర్లు. రంధ్రాలను పక్కన పెడితే, రాయిలో కెరోజెన్ వాటా దాదాపు 9.5 శాతం. కాగితం మీద నాలుగుగా కనిపించినది రాయిలో పదో వంతు చోటు ఆక్రమించింది. బలహీనమైన పదార్థం పదో వంతు ఉంటే గోడ ఎలా ఉంటుందో మేస్త్రీని అడిగినా చెబుతాడు.

తర్వాత రాక్ ఇవాల్ పరీక్ష. పొడిని ఆక్సిజన్ లేకుండా 300 డిగ్రీల నుంచి మెల్లగా వేడి చేస్తూ పోతే, కెరోజెన్ ఎక్కువగా విడిపోయే ఉష్ణోగ్రత తెలుస్తుంది. దాన్ని టీమాక్స్ అంటారు. అది 435 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే పదార్థం ఇంకా పచ్చిగా ఉన్నట్టు. 470 దాటితే గ్యాసు దశకు చేరినట్టు. దీనికి తోడుగా విట్రినైట్ పరావర్తన శాతం, అంటే మొక్కల కలప నుంచి వచ్చిన రేణువులు తమ మీద పడ్డ వెలుగులో ఎంత తిప్పి పంపుతాయో, చూడండి. 0.6 దగ్గర నూనె దశ మొదలవుతుంది, 1.3 దాటాక గ్యాసు దశ. మూడో రకం కెరోజెన్‌లో విట్రినైట్ పుష్కలంగా దొరుకుతుంది కనుక ఈ కొలత మన రాళ్లకు నమ్మదగినది. తవ్వకపు ద్రవంలో నూనె గానీ లిగ్నైట్ కలిసిన మందు గానీ వాడి ఉంటే కార్బన్ లెక్క పెరిగిపోతుంది. బావి నివేదికలో ఆ సంగతి చూసుకోండి.

ఉడుకు ఎందుకు ముఖ్యం? పచ్చి కెరోజెన్‌లో హైడ్రోజన్ ఎక్కువ, పొడవైన గొలుసుల అణువులు ఎక్కువ. అది సాగుతుంది. వేడికి హైడ్రోజన్ పోయి, కార్బన్ వలయాలు దగ్గరగా అల్లుకున్నకొద్దీ అది బిరుసెక్కి, పెళుసుబారుతుంది. ఒకే 4 శాతం రెండు వేర్వేరు లోతుల్లో రెండు వేర్వేరు పదార్థాలుగా ప్రవర్తిస్తుంది. పైగా కెరోజెన్ నూనెగా, గ్యాసుగా మారేటప్పుడు లోపల పీడనం పెరిగి, పొరల వెంట సూక్ష్మమైన పగుళ్లు పుట్టవచ్చు. అలాంటప్పుడు మన పరీక్షకు ముందే రాయి ఒకసారి పగిలి ఉన్నట్టే.

మూడో మెట్టు: ఎక్కడ కూర్చుంది

నా అభిప్రాయంలో ఈ పని మొత్తానికి గుండె ఇదే. దీన్నే ఎక్కువమంది దాటవేస్తారు.

అయాన్ పుంజంతో నునుపు చేసిన చిన్న ముక్కను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టండి. కెరోజెన్ నల్లగా కనిపిస్తుంది. ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఈ నల్లటి భాగాలు ఒకదానినొకటి అంటుకుని ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా? విడివిడి రేణువులుగా ఉంటే భారమంతా ఖనిజాల అల్లికే మోస్తుంది. కెరోజెన్ అక్కడ రొట్టెలో ఎండుద్రాక్ష లాంటిది. అదే పొరల వెంట సన్నని, పొడవైన పట్టీలుగా సాగి ఒకదానితో ఒకటి కలిస్తే, భారంలో కొంత కెరోజెన్ మీద పడుతుంది, పగులుకు సిద్ధమైన దారి కూడా ఏర్పడుతుంది.

ఆత్రేయపురం పూతరేకులను తలచుకోండి. నెయ్యి, బెల్లం లేని వట్టి రేకు ముట్టుకుంటే పటపటా విరుగుతుంది. నెయ్యి తగిలిన చుట్ట అంత తేలిగ్గా అడ్డంగా విరగదు, కానీ రేకు నుంచి రేకును విడదీయడం సులభం. షేల్‌లో క్వార్ట్జ్, బంక ఖనిజాలు రేకుల స్థానంలో, కెరోజెన్ పట్టీలు నెయ్యి స్థానంలో ఉంటాయి. పదార్థం ఒకటే, ఒక దిశలో అడ్డుపడింది, ఇంకో దిశలో దారి ఇచ్చింది. మొదట్లో చెప్పిన రెండు సమాధానాలూ ఎందుకు నిజమో ఇక్కడ తెలుస్తుంది.

సూక్ష్మ స్థాయిలో మరో సంగతి కూడా జరుగుతుంది. పగులు తెరుచుకున్నాక కూడా కెరోజెన్ పోగులు రెండు ఒడ్డులను పట్టుకుని కొంతదూరం సాగుతాయి. గోడ మెత్తే మట్టిలో ఊక, గడ్డి కలిపితే బీట పెద్దది కాకుండా ఆపినట్టే. పచ్చి కెరోజెన్ ఈ పని బాగా చేస్తుంది, బాగా ఉడికినది అంతగా చేయదు.

ఇదే ముక్క నుంచి ఎక్స్‌రే పద్ధతిలో ఖనిజాల లెక్క కూడా తీయించండి. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

నాలుగో మెట్టు: మూడు దిశల్లో పగలగొట్టడం

అర్ధవృత్తాకారపు బిళ్లను మూడు బిందువుల మీద వంచే పరీక్ష అన్నిటికన్నా అనువైనది. అంతర్జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంఘం దీన్ని 2014లో ప్రమాణ పద్ధతిగా సూచించింది. వ్యాసం కనీసం 76 మిల్లీమీటర్లు, మందం వ్యాసంలో 0.4 వంతుకు తగ్గకుండా ఉండాలి. తిన్నని అంచు మధ్యలో, వ్యాసార్ధంలో 0.4 నుంచి 0.6 వంతు లోతుగా సన్నని గాటు పెట్టాలి. యంత్రం నిమిషానికి 0.2 మిల్లీమీటర్లకు మించకుండా దిగాలి.

దిశలు ఇలా వస్తాయి. పొరలు సమతలంగా ఉన్న నిలువు కోర్‌ను అడ్డంగా బిళ్లలుగా కోస్తే, బిళ్ల ముఖం పొరకు సమాంతరంగా ఉంటుంది. అందులో పగులు అన్ని పొరలనూ ఒకేసారి కోసుకుంటూ పక్కగా సాగుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని డివైడర్ అంటారు. కోర్‌కు పక్క నుంచి తొలిచి తీసిన బిళ్లలో గాటును పొరకు లంబంగా పెడితే పగులు పొర తర్వాత పొరను దాటాలి. అది అరెస్టర్. అదే బిళ్లలో గాటును పొర వెంటే పెడితే పొరలు విడిపోతాయి. అది షార్ట్ ట్రాన్స్‌వర్స్. ఒక్కో దిశకు కనీసం నాలుగైదు బిళ్లలు చేయండి. షేల్‌లో ఒక్క ఫలితాన్ని నమ్మడానికి లేదు.

పగులు సాగకుండా రాయి ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలతే పగులు ప్రతిఘటన. దాని లెక్క ఇది: బిళ్ల కొలతలను బట్టి వచ్చే ఆకార గుణకం, గరిష్ఠ భారం, గాటు పొడవును π (3.14)తో గుణించిన దాని వర్గమూలం, ఈ మూడింటినీ గుణించి, వ్యాసం, మందాల లబ్ధంతో భాగించాలి. వ్యాసం 76, మందం 31, గాటు 19 మిల్లీమీటర్లు, కింది ఆధారాల మధ్య దూరం వ్యాసంలో 0.6 వంతు అయితే ఆకార గుణకం 4.67 వస్తుంది. బిళ్ల 1 కిలోన్యూటన్ దగ్గర పగిలితే పగులు ప్రతిఘటన సుమారు 0.48 మెగాపాస్కల్ రూట్ మీటర్. షేల్‌లలో సాధారణంగా కనిపించే విలువలు ఒకటికి అటూ ఇటూ, తరచుగా అంతకంటే తక్కువగానే ఉంటాయి. మీకు 5 వచ్చిందంటే దశాంశ బిందువో మిల్లీమీటర్లో తప్పాయని అర్థం.

పొరలు విడిపోయే దిశలో విలువ తక్కువగా రావాలి. సేంద్రియ పదార్థం పట్టీలుగా ఉన్న రాయిలో ఈ దిశకూ మిగతా రెండు దిశలకూ తేడా ఇంకా పెరుగుతుంది. ఆ తేడా శాతం కంటే ఎక్కువ కథ చెబుతుంది.

భారం గరిష్ఠానికి చేరి పడిపోయాక యంత్రాన్ని వెంటనే ఆపవద్దు. గీత నిటారుగా కూలిందా, మెల్లగా జారిందా చూడండి. మెల్లగా జారితే పగులు ఒడ్డులను ఏదో పట్టుకుని ఉంది.

గది వేడిమిలో చేసిన పరీక్షకు ఒక పరిమితి ఉంది. డెల్టా కింద మూడు కిలోమీటర్ల లోతులో ఉష్ణోగ్రత వంద డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కెరోజెన్, దానికంటే ఎక్కువగా బిట్యుమెన్ (కెరోజెన్ నుంచి పుట్టే తారు లాంటి పదార్థం), మెత్తబడతాయి. వేడిపెట్టె ఉన్న యంత్రం దొరికితే కొన్ని బిళ్లలు ఆ వేడిలో కూడా చేయండి.

ఐదో మెట్టు: ఫలితాలను చదవడం

సేంద్రియ కార్బన్ అడ్డంగా, పగులు ప్రతిఘటన నిలువుగా పెట్టి గీత గీసి, కిందికి వాలిందని సంబరపడకండి. సేంద్రియ పదార్థం ఎక్కువున్న చోట బంకమట్టి కూడా ఎక్కువ ఉండవచ్చు. నిశ్చలమైన నీటిలో రెండూ కలిసే దిగుతాయి. అప్పుడు రాయిని మెత్తబరిచింది కెరోజెనా, బంకమట్టా? అందుకే ఖనిజాల లెక్క తీయించమన్నాను. బంక ఖనిజాలు దాదాపు సమానంగా ఉండి, సేంద్రియ కార్బన్ మాత్రం తేడాగా ఉన్న జతలను ఏరి పోల్చండి. అలాంటి మూడు జతలు దొరికినా ముప్పై చుక్కల గీత కంటే విలువైనవి.

రెండో జాగ్రత్త, ప్రతిఘటనను శక్తిగా మార్చి చూడడం. రాయి ఎంత బిగువుగా ఉందో చెప్పే కొలత యంగ్ గుణకం. క్వార్ట్జ్‌కు అది సుమారు 95 గిగాపాస్కల్‌లు, కెరోజెన్‌ది కొన్ని గిగాపాస్కల్‌ల నుంచి పది పదిహేను వరకు. కాబట్టి కెరోజెన్ పెరిగితే రాయి గుణకం తగ్గుతుంది. పగులుకు కావలసిన శక్తి ప్రతిఘటన వర్గాన్ని యంగ్ గుణకంతో భాగిస్తే వస్తుంది, పాయిజాన్ నిష్పత్తి (నొక్కితే రాయి పక్కకు ఎంత ఉబ్బుతుందో చెప్పేది) వల్ల వచ్చే దిద్దుబాటు స్వల్పం. రెండు రాళ్లకూ ప్రతిఘటన 0.6 వచ్చిందనుకోండి. గుణకం 30 ఉన్న రాయికి చదరపు మీటరుకు 12 జౌళ్లు చాలు. గుణకం 15 ఉన్న రాయికి 24 జౌళ్లు కావాలి. ఒకే ప్రతిఘటన, రెట్టింపు శక్తి. ఒక పత్రం "బలహీనం" అనీ మరో పత్రం "మొండి" అనీ రాయడానికి ఇదీ ఒక కారణం. వాళ్లు కొలిచింది ఒకటి కాదు. షేల్ గుణకం దిశను బట్టి మారుతుంది కనుక, పగులు తెరుచుకునే దిశలో కొలిచినదే వాడండి.

ఖనిజాల నిష్పత్తితో లెక్కగట్టే పెళుసుదనపు సూచికలు తేలికగా దొరుకుతాయి. పొరలను ఒకదానితో ఒకటి పోల్చడానికి అవి చాలు. కెరోజెన్ అమరికను గానీ, దిశను గానీ అవి పట్టించుకోవు కాబట్టి పగులు పరీక్షకు బదులుగా వాడవద్దు.

ఆరో మెట్టు: బల్ల మీద నుంచి బావిలోకి

మన బేసిన్ ఖండం చీలినప్పుడు సాగి కుంగిన నేల. ఇలాంటి చోట పైనుంచి నొక్కే బరువే సాధారణంగా అన్నిటికన్నా పెద్ద ప్రతిబలం. అందువల్ల గ్యాసు తీయడానికి బావిలో ద్రవ పీడనంతో పుట్టించే పగులు నిలువు చీలికగా ఏర్పడుతుంది. అది పైకి పెరగాలంటే అరెస్టర్ దిశ, పక్కకు పెరగాలంటే డివైడర్ దిశ. దారిలో సేంద్రియ పదార్థం పట్టీలు కట్టిన బలహీనమైన పొర తగిలితే అది ఆ పొర వెంట మళ్లవచ్చు, లేదా అక్కడే ఆగవచ్చు. కొలిచిన మూడు విలువలనూ ఈ చిత్రం మీద పెట్టి చదవాలి. ఆగే చోటు తెలియడం ఉత్పత్తికి ఎంత అవసరమో, పైనున్న పొరల భద్రతకూ అంతే అవసరం. వరి పండే, తాగునీటికి బోర్లు వేసుకునే నేల కింద పని చేస్తున్నామని మరవకూడదు.

మెత్తటి షేల్‌లో ఇంకో చిక్కు. పగులు మూసుకోకుండా నింపే ఇసుక గింజలు పగులు గోడల్లోకి దిగబడతాయి, రాయి కూడా కాలం గడిచేకొద్దీ నెమ్మదిగా జరిగి పగులును ఇరుకు చేస్తుంది. పగలగొట్టడం ఒక లెక్క, తెరిచి ఉంచడం ఇంకో లెక్క. రెండో దానికి వేరే పరీక్షలు కావాలి.

పగిలిన ముక్కలు

పరీక్ష అయ్యాక రెండు సగాలనూ పారేయవద్దు. వాటి ముఖాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, పగులు కెరోజెన్ గుండా వెళ్లిందా, కెరోజెన్‌కూ ఖనిజానికీ మధ్య అతుకు వెంట వెళ్లిందా, చుట్టూ తిరిగి వెళ్లిందా చూసి ఫొటో తీయండి. తర్వాత ఆ ముఖానికి దగ్గరి నుంచే కొంత గీకి, సేంద్రియ కార్బన్ మళ్లీ కొలవండి. షేల్‌లో నాలుగు వేళ్ల దూరంలోనే ఆ శాతం రెట్టింపు కావచ్చు, సగం కావచ్చు. మీ పట్టికలో ప్రతి పగులు విలువ పక్కన ఉండవలసింది ఆ పగిలిన చోటి శాతమే. పెట్టె మీద రాసిన లోతుకు చెందిన సగటు అక్కడ సరిపోదు.